మంచు మీద మనవాళ్లు



ఈ ప్రసంగం ఒక చప్పుడుతో మొదలవుతుంది. గట్టి రబ్బరు బిళ్ల వేగంగా వచ్చి ఇనుప గుంజకు తగిలితే ఠంగుమంటుంది. 1989 ఏప్రిల్‌లో అమెరికాలోని సెయింట్ పాల్ నగరంలో వేలమంది ఒకేసారి ఆ చప్పుడు విన్నారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం పురుషుల ఐస్ హాకీ జట్టు సొంతగడ్డ మీద జాతీయ ఫైనల్ ఆడుతోంది. ఎదుట హార్వర్డ్. అసలు సమయం అయిపోయేసరికి చెరి మూడు గోల్స్. ఇక ఎవరు ముందు గోల్ కొడితే కప్పు వాళ్లది. మిన్నెసోటా కుర్రాడు రాండీ స్కార్డా కొట్టిన దెబ్బ గోల్‌కీపర్ని దాటింది. వలలో పడాల్సింది, గుంజకు తగిలి ఇవతలికి వచ్చేసింది. ఆ వెంటనే హార్వర్డ్ ఆటగాడు ఎడ్ క్రేయర్ అవతలి కొసన గోల్ కొట్టాడు. అక్కడితో ఆట ముగిసింది.

ఓడిన ఆ జట్టులో ఉన్నవాళ్లంతా మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టి పెరిగినవాళ్లే. పొరుగు రాష్ట్రం వాడు ఒక్కడు లేడు. పొరుగు దేశం మాట సరేసరి. అది యాదృచ్ఛికంగా జరిగింది కాదు, పట్టుబట్టి చేసింది. ఆ పట్టుదల ఎక్కడ పుట్టింది, ఎన్ని కప్పులు తెచ్చింది, ఎక్కడ సడలింది అన్నదే ఈ జట్టు నూరేళ్ల కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం.

ఆట తెలియని శ్రోతల కోసం నాలుగు మాటలు. 200 అడుగుల పొడవున గడ్డకట్టించిన మంచు నేల. దాన్ని రింక్ అంటారు. ఒక్కో జట్టుకు ఆరుగురు, అందులో ఒకరు గోల్‌కీపర్. కాళ్లకు స్కేట్లు, చేతిలో కొస వంగిన కర్ర. బంతి ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్ల రబ్బరు బిళ్లతో ఆడతారు. దాని పేరు పక్. మంచు మీద ఎగిరెగిరి పడకుండా ఉండాలని ఆటకు ముందు దాన్ని కూడా ఫ్రీజర్లో పెట్టి చల్లబరుస్తారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. తప్పు చేసినవాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. అంతసేపు అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఈ చివరి నియమాన్ని గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

జంట నగరాలంటే మనకు హైదరాబాదు, సికింద్రాబాదు. అమెరికాలో ఆ పేరు చెబితే మిన్నియాపొలిస్, సెయింట్ పాల్. చదువుకనీ ఉద్యోగాలకనీ అక్కడికి చేరిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లు ఊరికి ఫోన్ చేసినప్పుడు మొదట చెప్పేది చలి గురించే. మిన్నెసోటాకు పదివేల సరస్సుల నేల అని పేరు. శీతాకాలంలో ఆ సరస్సులు గడ్డకట్టి మనుషుల్నే కాదు, కార్లను కూడా మోస్తాయి. మన దగ్గర ఖాళీ స్థలం కనబడితే పిల్లలు మూడు పుల్లలు పాతి క్రికెట్ మొదలుపెట్టినట్టు, అక్కడ గడ్డకట్టిన చెరువు కనబడితే మంచు ఊడ్చి రెండు వైపులా గోల్ గుర్తులు పెడతారు.

అయితే ఆట మాత్రం ఉత్తరాన ఉన్న కెనడా నుంచి వచ్చింది. 1895లోనే విశ్వవిద్యాలయం కుర్రాళ్లు సొంతంగా ఒక జట్టు కట్టారు. సరిహద్దు అవతల విన్నిపెగ్ నుంచి వచ్చిన విక్టోరియాస్ జట్టుతో తలపడి చిత్తుగా ఓడారు. కెనడా నేర్పేది, అమెరికా నేర్చుకునేది. ఈ వరస చాలాకాలం మారలేదు. విశ్వవిద్యాలయం అధికారికంగా జట్టును గుర్తించింది 1921-22లో. జట్టు పేరు గోఫర్స్. గోఫర్ అంటే నేలలో బొరియలు తవ్వుకునే చిన్న జంతువు. ఆ రాష్ట్రానికున్న ముద్దుపేరే జట్టుకూ వచ్చింది.

ఇప్పుడు కాస్త ఉత్తరంగా, మెసాబీ అనే ఇనుప గనుల ప్రాంతానికి వెళ్లాలి. ఇటలీ, క్రొయేషియా, ఫిన్లాండ్, ఇంకా ఎక్కడెక్కడి నుంచో బతుకుతెరువు కోసం వచ్చిన కార్మికులు ఆ గనుల్లో పనిచేసేవారు. అక్కడ ఎవెలెత్ అని ఒక చిన్న ఊరు. 1922లో ఆ ఊరు హిప్పోడ్రోమ్ పేరుతో పెద్ద ఆటశాల కట్టుకుంది. గని కార్మికుల పిల్లలు అందులో పెరిగారు. అమెరికాలో పుట్టినవాడు ప్రొఫెషనల్ హాకీలో కనబడడమే అరుదైన రోజుల్లో ఆ ఒక్క ఊరు నలుగురిని పంపింది. ఫ్రాంక్ బ్రిమ్సెక్, మైక్ కరాకస్, సామ్ లోప్రెస్టీ ముగ్గురూ గోల్‌కీపర్లు. 1941లో ఒక ఆటలో లోప్రెస్టీ మీదికి 83 షాట్లు వచ్చాయి, 80 ఆపాడు. ఆ రోజు కూడా అతని జట్టు ఓడిపోయింది, అది వేరే సంగతి. నాలుగోవాడి పేరు జాన్ మరూచీ.

మరూచీ 1916లో ఒక ఇటాలియన్ వలస కుటుంబంలో పుట్టాడు. భారీ మనిషి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాలూ ఆడాడు, హాకీ కూడా ఆడాడు. 1939-40లో ఆడిన 18 ఆటల్లో ఒక్కటీ ఓడకుండా జాతీయ అమెచ్యూర్ టైటిల్ గెలిచిన జట్టులో అతను ఉన్నాడు. కళాశాలల మధ్య ఇప్పుడు జరిగే జాతీయ పోటీలు 1948లో గానీ మొదలవలేదు కాబట్టి, అప్పటికి అంతకుమించిన గెలుపు లేదు. తర్వాత చికాగో బ్లాక్ హాక్స్ తరఫున ఆడాడు. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి తీరరక్షక దళంలో చేరాడు. తిరిగొచ్చాక అదే చికాగో జట్టుకు కెప్టెన్ అయ్యాడు. చుట్టూ ఉన్న ఆటగాళ్లు దాదాపు అందరూ కెనడియన్లు. వాళ్ల మధ్య తాను పరాయివాడు. ఆ అనుభవం ఆయన్ను జీవితాంతం వదల్లేదు.

1952లో ఆయన తన విశ్వవిద్యాలయానికే కోచ్‌గా వచ్చాడు. వచ్చీ రాగానే రెండేళ్లు వరసగా జాతీయ ఫైనల్. 1953లో మిషిగన్ చేతిలో 7-3తో ఓటమి. ఆ గాయం పెద్దది కాదు. 1954 గాయం పెద్దది.

ఆ ఏడాది సెమీఫైనల్లో బోస్టన్ కాలేజీని 14-1తో ఊడ్చేశారు. జాన్ మయాసిచ్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టి, మరో నాలుగింటికి పాస్ అందించాడు. ఈ మయాసిచ్ కూడా ఎవెలెత్ కుర్రాడే. అతను ఆడిన నాలుగేళ్లూ, 1948 నుంచి 1951 దాకా, ఎవెలెత్ హైస్కూలు రాష్ట్ర కప్పును ఎవరికీ ఇవ్వలేదు. వరసగా 69 ఆటలు గెలిచింది. అలాంటివాడు ఉన్న జట్టు ఫైనల్లో రెన్సెలేర్ పాలిటెక్నిక్‌తో ఆడుతుంటే గెలుపు మీద ఎవరికీ అనుమానం లేదు. మొదట రెన్సెలేరే ముందుకెళ్లింది. మిన్నెసోటా పుంజుకుంది. అసలు సమయం అయిపోయేసరికి 4-4. ఓవర్‌టైమ్‌లో రెన్సెలేర్ గోల్ కొట్టింది. ఆ జట్టుకు ఊపిరి పోసిన ఆటగాళ్లు కెనడా నుంచి వచ్చినవాళ్లే.

మయాసిచ్ మిన్నెసోటా తరఫున 111 ఆటల్లో 144 గోల్స్ కొట్టాడు, 154 గోల్స్‌కు పాస్ అందించాడు. మొత్తం 298 పాయింట్లు. డెబ్బై ఏళ్లు గడిచినా ఆ విశ్వవిద్యాలయంలో ఆ అంకెను దాటినవాడు లేడు. అయినా అతను అత్యున్నత ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. అప్పుడు ఆ లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు. అమెరికన్ కుర్రాడికి తలుపు తీసే అలవాటు వాటికి లేదు. ఈ ఒక్క సంగతి చాలు, మరూచీ కోపం ఎంత న్యాయమైనదో అర్థం కావడానికి.

ఆ కోపం ఎవరి మీద? దీన్ని కొంచెం జాగ్రత్తగా చూడాలి. కెనడాలో పేరున్న కుర్రాళ్లు జూనియర్ లీగ్‌లలో ఇరవై, ఇరవై ఒకటి వచ్చేదాకా ఆడి, ప్రొఫెషనల్ జట్టులో చోటు దొరక్కపోతే అప్పుడు అమెరికా కళాశాలల్లో చేరేవారు. అంటే హైస్కూలు గుమ్మం దాటి వచ్చిన పద్దెనిమిదేళ్ల మిన్నెసోటా కుర్రాడి ఎదుట, ఆటలో ఆరితేరి ఒళ్లు ముదిరిన యువకుడు నిలబడేవాడు. ఇది పోటీయే కాదని మరూచీ వాదించాడు. డెన్వర్ విశ్వవిద్యాలయం కోచ్ ముర్రే ఆర్మ్‌స్ట్రాంగ్ అలాంటి కెనడియన్లతో జట్టు నింపి 1958లో జాతీయ విజేత అయ్యాడు. అదే ఏడాది మిన్నెసోటా, డెన్వర్ ఆడుతున్న లీగ్ రెండుగా చీలింది. మిన్నెసోటాతో పాటు మిషిగన్‌లోని మూడు కళాశాలలు బయటికి నడిచాయి. ఏడాది తర్వాత కొత్త పేరుతో లీగ్ మళ్లీ కట్టుకున్నారు. అయినా మరూచీ పట్టు వదల్లేదు. ఒకే లీగ్‌లో ఉంటూ కూడా డెన్వర్‌తో మామూలు సీజన్ ఆటలు పెట్టుకోకుండా మిన్నెసోటా ఏళ్ల తరబడి గడిపింది.

అంతమాత్రాన మరూచీకి కెనడా వాళ్లంటే గిట్టదనుకుంటే పొరపాటు. విన్నిపెగ్ కుర్రాడు ముర్రే విలియమ్సన్ ఆయన జట్టులో ఆడాడు. ఒంటారియోలోని సూ సెయింట్ మరీ నుంచి వచ్చిన లూ న్యానీ డిఫెన్స్‌లో ఆడుతూనే 1963లో లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు సాధించాడు. ఆ న్యానీయే తర్వాత అమెరికా పౌరుడై 1968 ఒలింపిక్స్‌లో ఆ దేశం తరఫున ఆడాడు. ఆయన కోచ్ విలియమ్సన్. మరూచీ కొట్లాట మనుషుల మీద కాదు, పద్ధతి మీద. ఆయన మాటల కన్నా ముఖ్యమైనది ఆయన తిరుగుడు. ఊరూరా వెళ్లి రింకులు కట్టండి, పిల్లలకు స్కేట్లు తొడగండి అని పోరాడాడు. ఇంట్లో పిల్లల్ని తయారు చేసుకోకుండా పక్కింటివాళ్లను తిట్టి లాభం లేదని ఆయనకు బాగా తెలుసు. మిన్నెసోటా హాకీకి ఆయన్ను పెద్దదిక్కుగా చెప్పుకునేది అందుకే. గెలిచిన కప్పులను బట్టి చూస్తే ఆయన ఖాతాలో కళాశాల జాతీయ టైటిల్ ఒక్కటి కూడా లేదు.

ఒక తృప్తి మాత్రం దక్కింది. 1956లో ఇటలీలోని కోర్టినా డాంపెట్సోలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌కు అమెరికా జట్టు కోచ్ మరూచీయే. తల్లిదండ్రులు పుట్టిన దేశంలో, కెనడా మీద 4-1 గెలుపు. నాలుగింట్లో మూడు గోల్స్ మయాసిచ్‌వి. అమెరికా వెండి పతకం గెలిచింది. ఆ జట్టులో బోస్టన్ దగ్గరి కుర్రాడు బిల్ క్లియరీ కూడా ఉన్నాడు. ఈ పేరు మళ్లీ రెండుసార్లు వస్తుంది.

మరూచీ దగ్గర ఆడినవాళ్లలో సెయింట్ పాల్ తూర్పు వాడకు చెందిన హెర్బ్ బ్రూక్స్ ఒకడు. స్కేటింగ్‌లో మెరుపు. 1960 ఒలింపిక్స్ జట్టుకు ఎంపికయ్యాడు, జట్టు ఫొటో దాకా వచ్చాడు. ఆఖరి రోజుల్లో క్లియరీ సోదరులిద్దరినీ చేర్చుకోవాల్సి వచ్చింది. చోటు కోసం తీసేసిన చివరి పేరు బ్రూక్స్‌ది. ఆ జట్టు స్క్వా వ్యాలీలో బంగారు పతకం గెలిచింది. బ్రూక్స్ ఇంట్లో తండ్రి పక్కన కూర్చుని టీవీలో చూశాడు. తర్వాత 1964లో, 1968లో ఒలింపిక్స్ ఆడాడు గానీ పతకం రాలేదు.

1972లో అతను గోఫర్స్ కోచ్ అయ్యేనాటికి జట్టు అంతకుముందు సీజన్లో ఎనిమిది ఆటలు గెలిచి ఇరవై నాలుగు ఓడి అట్టడుగున ఉంది. రెండేళ్లలో, 1974లో, బోస్టన్ గార్డెన్‌లో జాతీయ సెమీఫైనల్. బోస్టన్ యూనివర్సిటీతో స్కోరు 4-4. మిన్నెసోటా ఆటగాడు ఒకడు బయట కూర్చున్నాడు, ఒక మనిషి తక్కువ. అలాంటప్పుడు ఎవరైనా పక్‌ను దూరంగా కొట్టి కాలక్షేపం చేస్తారు. మైక్ పోలిచ్ పక్ లాక్కుని దూసుకెళ్లి, పదమూడు సెకన్లు ఉందనగా గోల్ కొట్టాడు. ఫైనల్లో మిషిగన్ టెక్ మీద 4-2 గెలుపు. యాభై ఏళ్ల చరిత్రలో విశ్వవిద్యాలయానికి అదే తొలి జాతీయ కళాశాల కప్పు. గెలిచినవాళ్లు అమెరికన్లే, అందులోనూ దాదాపు అందరూ ఆ రాష్ట్రం పిల్లలే. మరూచీ ఇరవై ఏళ్లుగా చెబుతున్నది కళ్లముందు రుజువైంది.

1976లో మళ్లీ మిషిగన్ టెక్ మీదే 6-4. అంతకుముందు బోస్టన్ యూనివర్సిటీతో సెమీఫైనల్లో ఆట మొదలైన కాసేపటికే రెండు జట్లూ బెంచీలు ఖాళీ చేసి కలబడ్డాయి. ఆ పగ ఏళ్ల తరబడి ఆరలేదు. 1979లో నార్త్ డకోటా మీద 4-3. గెలిపించిన గోల్ కొట్టింది నీల్ బ్రాటెన్, కెనడా సరిహద్దుకు కూతవేటు దూరంలోని రోజో ఊరివాడు. అప్పటికి కాలేజీలో మొదటి ఏడాది. కింద పడిపోతూ జారిపోతూ పక్‌ను గోల్‌కీపర్ మీదుగా ఎత్తి వేశాడు. రెండేళ్ల తర్వాత అమెరికా కళాశాలల్లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డును కొత్తగా పెడితే, దాన్ని అందుకున్న మొట్టమొదటివాడు బ్రాటెనే.

ఏడేళ్లలో మూడు కప్పులు. బ్రూక్స్ అక్కడితో కాలేజీ వదిలి 1980 ఒలింపిక్ జట్టు బాధ్యత తీసుకున్నాడు. ఆ ఫిబ్రవరి 22న లేక్ ప్లాసిడ్‌లో సోవియట్ యూనియన్‌ను 4-3తో ఓడించిన జట్టు గురించి సినిమాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. వాటిలో తరచు మరుగున పడే లెక్క ఒకటుంది. ఇరవై మంది ఆటగాళ్లలో తొమ్మిది మంది మిన్నెసోటా గోఫర్స్. మరో నలుగురు 1976లో వాళ్లతో తన్నుకున్న బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు. ఆ రెండు గుంపుల్నీ ఒక్కటి చేయడానికి బ్రూక్స్‌కు తెలిసిన ఉపాయం ఒకటే. అందరూ కలిసి తననే ద్వేషించేలా చేశాడు. నార్వేలో ఒక ఆట 3-3తో డ్రా అయితే, జనం వెళ్లిపోయాక, దీపాలు ఆర్పేశాక కూడా చీకట్లోనే రింక్ ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులు పెట్టించాడు.

ఒలింపిక్స్ తొలి ఆటలో స్వీడన్ చేతిలో ఓటమి ఖాయమనుకున్నప్పుడు ఇంకా 27 సెకన్లుండగా సమం చేసినవాడు బిల్ బేకర్, గోఫర్. సోవియట్ మీద మొదటి గోల్ బజ్ ష్నైడర్‌ది, అతనూ గోఫరే, ఇనుప గనుల ప్రాంతంలోని బాబిట్ ఊరివాడు. గెలుపు గోల్ కొట్టిన మైక్ ఎరూజియోనీ బోస్టన్ యూనివర్సిటీ వాడైనా, అతనికి పక్ అందించిన మార్క్ పావెలిచ్‌ది ఎవెలెత్. పావెలిచ్ ఆడింది అదే రాష్ట్రంలోని డులూత్ కళాశాలకు. బంగారం మాత్రం ఆ రాత్రి రాలేదు. రెండు రోజుల తర్వాత ఫిన్లాండ్‌ను ఓడిస్తేనే వచ్చింది. అప్పుడు 1-2తో వెనకబడి ఉంటే, సమం చేసింది ఫిల్ వర్కోటా, ముందుకు తెచ్చింది రాబ్ మెక్లనహన్. ఇద్దరూ గోఫర్స్. ఇంకొక గోఫర్, స్టీవ్ జానసాక్, 1979 ఫైనల్ పోటీల్లో ఉత్తమ ఆటగాడు. లేక్ ప్లాసిడ్‌లో రెండో గోల్‌కీపర్ కాబట్టి ఒక్క నిమిషం కూడా మంచు మీదికి దిగకుండానే బంగారు పతకం మెడలో వేసుకున్నాడు. ఇరవై మందిలో ఆడనివాడు అతనొక్కడే. జట్టును తలుచుకున్నప్పుడు అతన్ని కూడా తలుచుకోవాలి.

ఇంత గెలిచాక మన పిల్లలే మన జట్టు అన్నది మిన్నెసోటాలో మత విశ్వాసంతో సమానమైంది. 1985లో కోచ్‌గా వచ్చిన డగ్ వూగ్ దాన్ని అక్షరాలా పాటించాడు. అదే ఏడాది ఆటశాలకు మరూచీ పేరు పెట్టారు. 1987లో మరూచీ కన్నుమూశాడు. ఆ తర్వాత జట్టులో రాష్ట్రం బయటివాడు లేకుండా పోయాడు. వూగ్ జట్లు తక్కువవి కావు. ఆయన కాలంలో ఆరుసార్లు చివరి నాలుగు జట్లలో నిలిచాయి. హోబీ బేకర్ అవార్డు గెలిచిన మొదటి గోల్‌కీపర్, 1988లో రాబ్ స్టౌబర్, ఆయన జట్టు వాడే. కప్పు మాత్రం రాలేదు. 1989లో స్కార్డా కొట్టిన పక్ గుంజకు తగిలి ఠంగుమన్న రాత్రి, ఎదుటి బెంచీ వెనక నిలబడ్డది హార్వర్డ్ కోచ్ బిల్ క్లియరీ. 1956లో మరూచీ కింద ఆడినవాడు. 1960లో బ్రూక్స్ చోటు పోయింది ఆయన కుటుంబం వల్లే.

బయటివాళ్ల మీద నిషేధం రాసి పెట్టుకున్నది కాదు, రివాజు. రివాజును మార్చడం చట్టాన్ని మార్చడం కన్నా కష్టం. లోకల్, నాన్-లోకల్ అన్న మాటలు ఎంత బరువైనవో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1999లో కోచ్ అయిన డాన్ లూసియా, తానూ మిన్నెసోటాలోని గ్రాండ్ రాపిడ్స్ వాడే అయినా, ఆ రివాజును పక్కన పెట్టాడు. 2000లో గ్రాంట్ పొటల్నీ అనే కుర్రాడిని తెచ్చుకున్నాడు. ఊరు గ్రాండ్ ఫోర్క్స్, నార్త్ డకోటా. ఆ ఊళ్లో ఉన్నదే గోఫర్స్‌కు బద్ధశత్రువైన నార్త్ డకోటా విశ్వవిద్యాలయం. పుష్కరకాలం తర్వాత జట్టులోకి వచ్చిన మొదటి బయటివాడు శత్రువు పెరట్లోంచి వచ్చాడు. పాత అభిమానుల్లో గొణిగినవాళ్లు లేకపోలేదు. వాళ్లది చాదస్తమని కొట్టిపారేయడం అన్యాయం. ఊళ్లో ప్రతి రింక్‌లో ఆడుతున్న ప్రతి పదేళ్లవాడూ తానూ ఒకనాడు గోఫర్ అవుతానని కలగనేది ఆ రివాజు వల్లే. ఒక బయటి కుర్రాడికి చోటిస్తే ఒక లోపలి కుర్రాడి కల పోతుంది. ఆ లెక్క నిజమే.

2002 ఏప్రిల్ 6. మళ్లీ సెయింట్ పాల్, మళ్లీ సొంతగడ్డ మీద ఫైనల్, ఈసారి కొత్త ఆటశాలలో 19 వేల మందికి పైగా జనం. ఎదుట మెయిన్ విశ్వవిద్యాలయం. తమ కోచ్ షాన్ వాల్ష్ క్యాన్సర్‌తో చనిపోయి ఏడు నెలలు కూడా కాని దుఃఖంలో ఆడుతున్న జట్టు. ఆట ముగియడానికి నిమిషం కూడా లేదు, మెయిన్ 3-2తో ముందుంది. మిన్నెసోటా గోల్‌కీపర్ని బయటికి లాగి ఇంకొక ఆటగాడిని దింపింది. మాట్ కోయాల్స్కా 52 సెకన్లు ఉందనగా సమం చేశాడు. పదమూడేళ్ల కిందటి ఓవర్‌టైమ్ గుర్తుకు రాని మనిషి ఆ ఆటశాలలో ఉండి ఉండడు.

ఓవర్‌టైమ్‌లో పదహారు నిమిషాలు గడిచాయి. మెయిన్ ఆటగాడు ఒకడు తప్పు చేసి బయటికి వెళ్లాడు. ముందు చెప్పిన నియమం ఇక్కడ పనికొచ్చింది, మిన్నెసోటాకు ఒక మనిషి ఎక్కువ. రెడ్ వింగ్ ఊరి జానీ పోల్ గోల్ వైపు కొట్టాడు. గోల్‌కీపర్ ఆపాడు గానీ పక్ ఇంకా కాళ్ల దగ్గరే ఉంది. అక్కడ నిలబడ్డవాడు దాన్ని లోపలికి నెట్టాడు. ఇరవై మూడేళ్ల తర్వాత కప్పు తెచ్చిన ఆ ఆటగాడు గ్రాంట్ పొటల్నీ. ఆ జట్టు మొత్తంలో మిన్నెసోటా వాడు కానివాడు అతనొక్కడే. కల్పించి రాస్తే ఇంత అచ్చంగా కుదిరితే నమ్మలేమని పాఠకులు పక్కన పడేస్తారు. కాని జరిగింది. ఆ పొటల్నీనే తర్వాత కెప్టెన్ చేశారు.

మరుసటి ఏడాది బఫెలోలో న్యూ హాంప్‌షైర్‌ను 5-1తో ఓడించి వరసగా రెండోసారి గెలిచారు. ఈసారి ముందు నిలిచి నడిపించినవాడు థామస్ వానెక్, ఆస్ట్రియా దేశస్థుడు, మొదటి ఏడాది విద్యార్థి. సెమీఫైనల్లో మిషిగన్ మీద ఓవర్‌టైమ్ గోల్ అతనిదే. ఆ వేసవిలో, ఆగస్టు 11న, ఉత్తర మిన్నెసోటా నుంచి ఇంటికి కారులో వస్తూ హెర్బ్ బ్రూక్స్ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అమెరికా హాకీ ప్రముఖుల స్మారక మందిరం కోసం ఏర్పాటైన కార్యక్రమానికి వెళ్లి వస్తున్నాడు. ఆ మందిరం ఉన్నది ఎవెలెత్‌లో.

అప్పటి నుంచి గోఫర్స్‌కు మళ్లీ కప్పు లేదు. 2014లో నార్త్ డకోటాతో సెమీఫైనల్లో ఒక మనిషి తక్కువతో ఆడుతూ, ఆట ముగియడానికి ఆరు పదో వంతుల సెకను ఉందనగా జస్టిన్ హాల్ గోల్ కొట్టాడు. ఆ సీజన్లో అతనికి అదే మొదటి గోల్. ఫైనల్లో యూనియన్ అనే చిన్న కళాశాల 7-4తో ఓడించింది. 2018లో బాబ్ మోట్స్కో కోచ్ అయ్యాడు. ఈయన కూడా రాష్ట్రం మనిషే, ఆస్టిన్ ఊరివాడు.

2023 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని టాంపాలో ఫైనల్. సరస్సు గడ్డకట్టడమంటే ఏమిటో తెలియని ఊరు. ఎదుట క్విన్నిపియాక్. ఆ ఏటి గోఫర్స్‌లో ముందు వరస ముగ్గురిలో ఒకడిది ఆరిజోనా, ఒకడిది పెన్సిల్వేనియా. గోల్‌లో నిలబడ్డ జస్టెన్ క్లోజ్ ఏకంగా కెనడా వాడు, సస్కాచువాన్ నుంచి. ఆ రోజు మిన్నెసోటా రెండు గోల్స్‌ మాత్రం రాష్ట్రం పిల్లలే కొట్టారు. 2-0 ఆధిక్యం 2-1 అయింది. మూడు నిమిషాల లోపే ఉందనగా 2-2 అయింది. ఓవర్‌టైమ్ మొదలైన పది సెకన్లకే జేకబ్ క్విలన్ గోల్ కొట్టాడు. కొందరు ఇంకా సీట్లలోకి తిరిగి వచ్చి ఉండరు.

ఆ ముందు వరసలో మూడోవాడు జిమ్మీ స్నగ్గరుడ్, చాస్కా ఊరి కుర్రాడు. అతని తండ్రి డేవ్ కూడా గోఫరే. 1989లో సెయింట్ పాల్‌లో రాండీ స్కార్డా కొట్టిన పక్ గుంజకు తగిలి ఠంగుమన్న ఏడాది, మిన్నెసోటా చొక్కా తొడుక్కుని ఆడినవాడు.